బంగాళాఖాతం: నదులు కట్టిన సముద్రం

బంగాళాఖాతం హిందూ మహాసముద్రానికి ఈశాన్య భాగం. పడమట భారతదేశపు తూర్పు తీరం, శ్రీలంక. ఉత్తరాన పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్. తూర్పున మయన్మార్, అండమాన్ నికోబార్ దీవులు దీనికి హద్దులు. దక్షిణాన శ్రీలంకలోని దొండ్రా అగ్రం నుంచి సుమత్రా ఉత్తరపు కొసకు గీసిన ఊహారేఖ వరకూ దీన్ని లెక్కిస్తారు. వైశాల్యం సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు; ప్రపంచంలోని ఖాతాలన్నిటిలోకీ పెద్దది. సగటు లోతు 2,600 మీటర్లు. దక్షిణాన కొన్నిచోట్ల 4,600 మీటర్లు దాటుతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్రప్రదేశ్ తీరమంతా దీని ఒడ్డే.

ఈ కొలతలు పటం గీయడానికి సరిపోతాయి గానీ సముద్రం గుణం తెలియడానికి చాలవు. బంగాళాఖాతం గుణమంతా దానిలోకి దిగే నదుల్లో ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన, మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి నేరుగా ఇందులో కలుస్తాయి. ఐరావతి నీరు అండమాన్ సముద్రం మీదుగా వచ్చి చేరుతుంది. ఈ నదులన్నీ తెచ్చేవి రెండు: మట్టి, మంచినీరు. మట్టి అడుక్కి చేరి వేల కిలోమీటర్ల సముద్రపు నేలను కప్పింది. మంచినీరు పైన పరుచుకుని ఆ సముద్రపు వేడిని, తుఫానులను, చేపల సంపదను శాసిస్తోంది. మనం ఏటిని వేరుగా, సముద్రాన్ని వేరుగా చూడడానికి అలవాటు పడ్డాం. శాస్త్రాలు కూడా వాటిని విడివిడిగానే చదివాయి. బంగాళాఖాతం దగ్గర ఆ విభజన పనికిరాదు.

పుట్టుక

సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి విడిపోయింది. అలా తెగిన అంచే నేటి తూర్పు తీరం. తెగే క్రమంలో భూమి పైపొర సాగి, చీలి, అక్కడక్కడా కుంగింది. ఆ పల్లాలే మహానది, కృష్ణా-గోదావరి, కావేరి బేసిన్లు. కోట్ల ఏళ్లుగా వాటిలో పేరుకున్న అవక్షేపాల్లోనే ఇవాళ చమురు, సహజవాయువు దొరుకుతున్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో జరిపిన తవ్వకాల్లో, సముద్రపు నేల కింద మీథేన్ మంచురూపంలో గడ్డకట్టి ఉన్న పొరలు బయటపడ్డాయి. ఒకచోట ఆ పొర మందం దాదాపు 130 మీటర్లు.

భారత ఫలకం ఉత్తరంగా జరిగే కొద్దీ దాని వెనక కొత్త సముద్రపు నేల ఏర్పడుతూ వచ్చింది. దారిలో అది భూగర్భం నుంచి లావా ఎగదన్నే ఒక వేడిచోటు మీదుగా సాగింది. ఆ జాడగా దాదాపు 5,000 కిలోమీటర్ల పొడవైన కొండల వరుస మిగిలింది. 90వ తూర్పు రేఖాంశం వెంట తిన్నగా సాగుతుంది కనుక దాన్ని నైంటీ ఈస్ట్ రిడ్జ్ అంటారు. ఉత్తరానికి వచ్చేసరికి ఈ కొండలు మట్టిలో కూరుకుపోయి కంటికి ఆనవు. 85వ రేఖాంశం దగ్గర మరో వరుస బంగాళాఖాతంలో పూర్తిగా పూడిపోయింది. ఓడల నుంచి ధ్వని తరంగాలు పంపి, గురుత్వాకర్షణలోని తేడాలు కొలిచి దాని ఉనికి కనిపెట్టారు. కొండల వరుసలనే కప్పేసేంత మట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాసేపట్లో చూద్దాం.

ఈ చరిత్రలో గోదావరి జిల్లాలకు ప్రత్యేకమైన చోటుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ భారతంలో పొంగిన దక్కన్ లావా అప్పటి నదీలోయల వెంట తూర్పుకు పారి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రయాణించి రాజమహేంద్రవరం ప్రాంతానికి చేరిందని భూగర్భ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. భూమి మీద ఇంత దూరం పారిన లావా మరెక్కడా కనిపించలేదు. కాతేరు దగ్గర, గోదావరి అవతలి గట్టున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో ఆ నల్లరాతి పొరలు నేటికీ చూడవచ్చు. పొరల అడుగున సముద్రజీవుల గుల్లలు దొరుకుతాయి. అంటే ఆనాటి సముద్రతీరం ఆ దరిదాపుల్లోనే ఉండేది. కంకర కోసం ఆ రాతిని పిండి చేస్తున్న క్వారీల్లో కొన్ని నిలువు ముక్కలనైనా పిల్లలు చూసేందుకు పదిలపరచడం అవసరం.

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం ఆసియాను ఢీకొట్టింది, హిమాలయాలు లేచాయి. తూర్పు అంచున మాత్రం ఈ ఫలకం సుమత్రా, అండమాన్‌ల కిందికి దూరుతోంది. దక్షిణాసియాలో క్రియాశీలంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం బారెన్ దీవి అక్కడిదే. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చి, సునామీ రెండు, రెండున్నర గంటల్లో మన తీరాన్ని తాకడానికి కారణం కూడా ఆ దూరుడే. ఆంధ్రప్రదేశ్‌లో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తమిళనాడులో, అండమాన్‌లో నష్టం దానికి ఎన్నో రెట్లు.

అడుగున: హిమాలయాల మట్టి

లేచిన ప్రతి పర్వతమూ అరగడం మొదలుపెడుతుంది. వాన, మంచు, కొండచరియల జారుడు కలిసి హిమాలయాలను కోస్తుంటే గంగా బ్రహ్మపుత్రలు ఆ మట్టిని ఏటా దాదాపు 100 కోట్ల టన్నుల చొప్పున కిందికి మోసుకొస్తున్నాయి. అందులో కొంత వరద మైదానాల్లో, కొంత సుందరవనాల డెల్టాలో ఆగుతుంది. మిగిలింది సముద్రంలోకి దిగుతుంది.

సముద్రంలోకి దిగాక దాని దారి నేల మీది నది దారి కన్నా ఆసక్తికరం. బంగ్లాదేశ్ తీరానికి దిగువన లోతు తక్కువగా ఉన్న అంచును చీల్చుకుంటూ ఒక పెద్ద సముద్రగర్భ లోయ ఉంది. అక్కడి లోతు అందక పాత నావికులు దానికి స్వాచ్ ఆఫ్ నో గ్రౌండ్ అని పేరు పెట్టారు. దాని తలవైపు మట్టి పేరుకుంటుంది. ఎప్పుడో ఒక తుఫానో, భూకంపమో, లేదా సొంత బరువో దాన్ని కదిలిస్తుంది. అప్పుడు నీరు, మట్టి కలిసిన చిక్కటి బురద చుట్టూ ఉన్న నీటి కన్నా బరువుగా ఉండడం వల్ల సముద్రపు నేల వాలు వెంట వేగంగా జారిపోతుంది. ఆ బురద ప్రవాహాలు నేల మీది నదుల్లాగే కాలువలు తవ్వుకుంటాయి, గట్లు పోసుకుంటాయి, మెలికలు తిరుగుతాయి, గట్టు తెంచుకుని కొత్త దారి పడతాయి. అలా తయారైన కాలువలు బంగాళాఖాతం అడుగున రెండు వేల కిలోమీటర్లకు పైగా, భూమధ్యరేఖ దాటి కూడా సాగుతాయి.

ఇలా పరుచుకున్న మట్టిమేటనే బెంగాల్ ఫ్యాన్ అంటారు. పొడవు దాదాపు 3,000 కిలోమీటర్లు, వెడల్పు గరిష్ఠంగా 1,400 కిలోమీటర్లు, ఉత్తరాన మందం 16 కిలోమీటర్లకు పైగా. ప్రపంచంలోని సముద్రగర్భ మేటల్లో ఇదే పెద్దది. ఎవరెస్టు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లకు లోపే. అంటే హిమాలయాల నుంచి కరిగి వచ్చిన మట్టి, ఇప్పుడు నిలబడి ఉన్న కొండ ఎత్తుకు దాదాపు రెట్టింపు మందంలో ఈ సముద్రం కింద పడి ఉంది. జోసెఫ్ కర్రే, డేవిడ్ మూర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1971లో దీని స్వరూపాన్ని వివరంగా ప్రకటించారు. ఇందాక చెప్పిన కొండల వరుసలను పూడ్చింది ఈ మట్టే.

ఈ మేటలో హిమాలయాల చరిత్ర పొరలు పొరలుగా రాసి ఉంది. ఏ కాలంలో కొండలు వేగంగా లేచాయి, ఏ కాలంలో రుతుపవనాలు బలపడ్డాయి, మైదానాల్లో గడ్డి ఎప్పుడు విస్తరించింది వంటి ప్రశ్నలకు సాక్ష్యం కొండ మీద మిగలదు, అక్కడ అరిగిపోతుంది. సముద్రం అడుగున మాత్రం నిలుస్తుంది. అందుకే 1972లో, 1987లో, 2015లో అంతర్జాతీయ నౌకలు వచ్చి ఇక్కడ నేలను తొలిచాయి. 2015 నాటి యాత్రలో 8వ ఉత్తర అక్షాంశం వెంట 320 కిలోమీటర్ల మేర ఏడు చోట్ల మట్టి స్తంభాలు పైకి తీశారు. ఇంకో సంగతి కూడా ఈ మేట మట్టి నుంచే తేలింది. నదులు మట్టితో పాటు ఆకు, అలము, వేరు, నేలలోని సేంద్రియ పదార్థం తెస్తాయి. ఇక్కడ మట్టి వేగంగా కప్పేస్తుంది కనుక అది కుళ్లి గాలిలో కలవకుండా అడుగున భద్రంగా పూడుకుపోతుంది. నేల మీద పుట్టి ప్రపంచ సముద్రాల అడుగున పూడుకునే సేంద్రియ కార్బన్‌లో 10 నుంచి 20 శాతం ఈ ఒక్క మేటలోనే చేరుతోందని 2007లో వెలువడిన పరిశోధన అంచనా వేసింది. లక్షల ఏళ్ల లెక్కన చూస్తే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును తగ్గించే పెద్ద యంత్రాంగాల్లో హిమాలయాలు, బంగాళాఖాతం జంట ఒకటి.

పైన: మంచినీటి పొర

బంగాళాఖాతం గురించి ఒక్క విషయమే చెప్పమంటే ఈ మంచినీటి పొర గురించే చెప్పాలి.

మామూలు సముద్రపు నీటిలో కిలోకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అరేబియా సముద్రంలో 36 గ్రాములు దాటుతుంది. అక్కడ ఆవిరయ్యే నీరు ఎక్కువ, వచ్చి పడే నీరు తక్కువ. బంగాళాఖాతంలో లెక్క తిరగబడుతుంది. ఆవిరయ్యేదాని కన్నా వానగా, నదుల ద్వారా వచ్చేది ఎక్కువ. ఒక్క గంగా బ్రహ్మపుత్ర మేఘనలే ఏటా వెయ్యి ఘన కిలోమీటర్లకు పైగా నీరు తెస్తాయి. మనకు అలవాటైన లెక్కలో అది 35,000 టీఎంసీల పైమాట. అందులో అధికభాగం జూన్ నుంచి అక్టోబరు లోపే వచ్చి పడుతుంది. ఆ నెలల్లో ఖాతం ఉత్తర భాగంలో పైనీటి ఉప్పదనం 30 గ్రాముల లోపుకు దిగుతుంది; నదీముఖాల దగ్గర ఇంకా తక్కువ.

మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. నీటి మీద నూనె నిలిచినట్టు ఈ పలుచని పొర పైన నిలిచిపోతుంది. గాలి ఎంత వీచినా కింది నీటితో తేలిగ్గా కలవదు. దీనివల్ల రెండు పరిణామాలు. మొదటిది, ఎండ వేడి ఆ పలుచని పొరలోనే చిక్కుకుంటుంది. వానాకాలంలో అరేబియా సముద్రం మీద బలమైన గాలులు నీటిని కలియతిప్పి ఉపరితలాన్ని చల్లబరుస్తాయి. బంగాళాఖాతం మాత్రం 28 డిగ్రీల సెల్సియస్‌కు పైనే ఉండిపోతుంది. సముద్రం మీద పెద్ద మేఘాలు లేవడానికి సుమారుగా ఆ వేడి కావాలి. ఆ వేడి వల్ల అల్పపీడనాలు పుడతాయి. అవి వాయవ్యంగా కదిలి ఒడిశా, ఉత్తరాంధ్ర, తెలంగాణ, మధ్య భారతం మీద వానలు కురిపిస్తాయి. ఆ వాన మళ్లీ నదులై ఖాతంలోకి దిగి ఉపరితలాన్ని తేలిక చేస్తుంది. నది, సముద్రం, మేఘం ఇలా ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి. రెండు సముద్రాల వేడి లెక్కల్లో ఉన్న ఈ తేడాను గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు షెనాయ్, శంకర్, షేత్యే 2002లో అంకెలతో నిరూపించారు. రుతుపవనాల మీద భారతీయ శాస్త్రవేత్తలు చేసిన మంచి పనుల్లో అదొకటి.

రెండో పరిణామం తుఫానులకు సంబంధించింది. మంచినీటి పొరకూ, లోతున ఉన్న చల్లటి నీటికీ మధ్య మరో పొర ఉంటుంది. అది ఉప్పగా ఉంటుంది గానీ వెచ్చగానే ఉంటుంది. శాస్త్రజ్ఞులు దాన్ని అడ్డుపొర అంటారు. శీతాకాలంలో ఒక్కోసారి ఉపరితలం కన్నా ఈ అడుగుపొరే వెచ్చగా ఉంటుంది. మామూలుగా తుఫాను తాను నడిచిన దారిలో నీటిని గిలక్కొట్టి లోతులోని చల్లటి నీటిని పైకి తెస్తుంది; ఆ చల్లదనం తుఫాను బలాన్ని కొంత తగ్గిస్తుంది. అడ్డుపొర ఉన్నచోట పైకి వచ్చేది కూడా వెచ్చటి నీరే. ఉత్తర బంగాళాఖాతంలో వానాకాలం తర్వాత వచ్చే తుఫానులు ఉపరితలాన్ని పెద్దగా చల్లార్చలేకపోతున్నాయని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2008లో చూపించారు.

ఈ మంచినీరు ఉన్నచోట ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తూర్పు తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎదురు దిక్కున. రుతుపవనాలతో పాటు దిక్కు మార్చుకునే ప్రవాహం ఇది. దక్షిణానికి పోయే నెలల్లో అది గంగా బ్రహ్మపుత్రల నీటిని తీరాన్ని ఆనుకుని దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పు పాయగా మోసుకుపోతుంది. ఈ సంగతి ఖాయపరిచిన తీరు ముచ్చటైనది. ఒడిశా నుంచి కన్యాకుమారి ప్రాంతం దాకా కొన్ని ఊళ్లలో మత్స్యకారులు అయిదు రోజులకోసారి సముద్రపు నీటిని సీసాల్లో పట్టి శాస్త్రవేత్తలకు అందించారు. ఏళ్ల తరబడి పట్టిన ఆ సీసాల ఉప్పదనం కొలిస్తే, వానాకాలం చివర ఉత్తరాన కిలోకు పది గ్రాములకు పైగా తగ్గుదల కనిపించింది. ఆ తగ్గుదల తీరం వెంట దిగుతూ రెండున్నర నెలల్లో దేశపు దక్షిణ కొసకు చేరింది. 2014లో ఆ ఫలితాలు ప్రచురిస్తూ పరిశోధకులు దాన్ని సముద్రంలో నడిచే నది అన్నారు. ఉపగ్రహాలు తీరానికి మరీ దగ్గర ఉప్పదనాన్ని సరిగా చదవలేవు. మోకాలి లోతులో దిగి నీళ్లు పట్టిన మత్స్యకారులే ఆ లోటు తీర్చారు.

తుఫాను, ఉప్పెన

ఉత్తర హిందూ మహాసముద్రంలో అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో తుఫానులు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో కొన్ని, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఇంకొన్ని వస్తాయి. వీటిలో గాలి కన్నా ఎక్కువ ప్రాణాలు తీసేది ఉప్పెన. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెడుతుంది. లోతైన తీరంలో ఆ నీరు కిందుగా వెనక్కి మళ్లుతుంది. తీరం లోతులేనిదైతే పైకి లేవడం తప్ప దానికి దారి లేదు. బంగాళాఖాతపు తీరాన్ని, ముఖ్యంగా ఉత్తరపు కొసను, లోతులేనిదిగా చేసింది నదుల మట్టే. ఉప్పెనకు ఎదురుగా చదునైన డెల్టాను పరిచిందీ నదులే. సారవంతమైన నేల కనుక జనం అక్కడే గుమిగూడారు. ప్రపంచ చరిత్రలో అతి ఘోరమైన తుఫాను మరణాల్లో చాలా భాగం ఈ ఒక్క ఖాతం ఒడ్డునే జరగడానికి కారణం ఈ కూడికలో ఉంది.

1839 నవంబరులో కాకినాడ దగ్గరి కోరంగి ఓడరేవును ఉప్పెన తుడిచిపెట్టింది. మృతులు మూడు లక్షలని పాత రాతల్లో కనిపిస్తుంది. జనాభా లెక్కలు లేని కాలపు అంకె అది. దాన్ని యథాతథంగా తీసుకోకూడదు. ఓడలు కట్టి దూరదేశాలకు పంపిన రేవు మళ్లీ కోలుకోలేదన్నది మాత్రం నిజం. 1864 నవంబరు 1న మచిలీపట్నం ఉప్పెనలో దాదాపు 30,000 మంది మరణించారు. 1970 నవంబరులో నేటి బంగ్లాదేశ్‌ను తాకిన భోలా తుఫాను మూడు లక్షలకు పైగా ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కృష్ణా జిల్లా ఇప్పటికీ మరవలేదు. అయిదు మీటర్ల ఎత్తున లేచిన నీరు ఊళ్లకు ఊళ్లనే ముంచింది. మృతులు పదివేలకు పైగా.

2013లో ఒడిశా తీరాన్ని తాకిన ఫైలిన్, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదుగా తీరం దాటిన హుద్‌హుద్ బలంలో పాతవాటికి తీసిపోలేదు. మరణాలు మాత్రం పదుల్లో ఆగాయి. ముందుగా హెచ్చరించడం, లక్షల మందిని తరలించడం, తుఫాను ఆశ్రయాలు కట్టడం వల్లే ఇది సాధ్యమైంది. మన ప్రభుత్వ సంస్థలు నిలకడగా సాధించిన విజయాల్లో దీన్ని ముందు వరుసలో పెట్టాలి.

నీటిలో ప్రాణం

మంచినీటి పొర వల్ల నష్టం కూడా ఉంది. లోతున ఉన్న పోషకాలు పైకి రావు కనుక వృక్షప్లవకాలు అరేబియా సముద్రంలో పెరిగినంతగా ఇక్కడ పెరగవు. నదులు తెచ్చిన మట్టి వల్ల, మబ్బుల వల్ల వెలుగు కూడా తగ్గుతుంది. తుఫాను నడిచిన దారిలో మాత్రం నీరు కలిసి కొద్దిరోజులు పచ్చదనం లేస్తుంది. ఆ పచ్చదనం ఉపగ్రహ చిత్రాల్లో తెలుస్తుంది. వంద మీటర్ల దిగువ నుంచి కొన్ని వందల మీటర్ల లోతు దాకా ప్రాణవాయువు దాదాపు లేని పొర ఉంది. దాదాపు అనడానికి కారణం ఉంది: అత్యంత సున్నితమైన పరికరాలతో కొలిస్తే లేశమాత్రంగా ప్రాణవాయువు కనిపిస్తోంది. అరేబియా సముద్రంలో ఆ లేశం కూడా పోయి, నీటిలోని నైట్రేట్ వాయువుగా మారి ఎగిరిపోతుంది. బంగాళాఖాతం ఆ గీత దాటకుండా ఆగింది. మట్టి రేణువులు సేంద్రియ పదార్థానికి అతుక్కుని దాన్ని త్వరగా అడుక్కి దించేయడం వల్ల మధ్యలో కుళ్లడం తగ్గుతోందన్నది దీనికి చెప్పే వివరణల్లో ఒకటి. అదే నిజమైతే నదుల మట్టి తగ్గినప్పుడు, ఎరువుల నత్రజని పెరిగినప్పుడు ఏమవుతుందన్నది తేలిగ్గా తీసుకోవలసిన ప్రశ్న కాదు.

నదికి, సముద్రానికి మధ్య బతికే జీవుల్లో తెలుగువారికి బాగా తెలిసింది పులస. సముద్రంలో పెరిగి, గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో గుడ్లు పెట్టడానికి యానాం వైపు నుంచి ఏటికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేట ఆపేది చేపలు గుడ్లు పెట్టే కాలానికి రక్షణగానే.

పరిశోధన

మన దేశంలో ఆధునిక సముద్రశాస్త్రం వేళ్లూనుకున్న చోట్లలో విశాఖలోని వాల్తేరు ఒకటి. 1952లో అమెరికన్ సముద్రశాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహాదేవన్‌తో, అక్కడి విద్యార్థులతో కలిసి తూర్పు తీరపు ప్రవాహాలను, అడుగు నీరు పైకి ఉబికే కాలాన్ని, విశాఖ ఇసుక కదలికలను కొలిచారు. ఆ తీరానికి ఎదురుగా ఉన్న సముద్రగర్భ లోయలకు ఆంధ్రా, మహాదేవన్, కృష్ణా అని పేర్లు పెట్టారు. తర్వాత 1960ల తొలి భాగంలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర సాగింది. దాని ఫలంగా 1966లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడింది. దానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 1999 జులై, ఆగస్టులలో రుతుపవనాల మధ్య నౌకలు నిలిపి గాలి, నీరు ఒకేసారి కొలిచిన బాబ్‌మెక్స్ ప్రయోగం బంగాళాఖాతం మీద అవగాహనను మలుపు తిప్పింది. ఇప్పుడు లంగరు వేసిన బోయాలు, రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి లేస్తూ కొలతలు పంపే ఆర్గో తేలియాడు పరికరాలు ఏడాది పొడవునా అదే పని చేస్తున్నాయి.

ఆ సమాచారమంతా వచ్చి చేరేది సముద్రం లేని హైదరాబాద్‌కు. 1999లో అక్కడ ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం – ఇన్‌కాయిస్ – నీటి వేడిని, పచ్చదనాన్ని ఉపగ్రహాల ద్వారా చూసి చేపలు దొరికే చోట్లను మత్స్యకారులకు చెబుతుంది. 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పనిచేస్తోంది.

తీరం: మేట, కోత, కొల్లేరు

సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన కాలంలో సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందుగా ఉండేది. తీరం ఎన్నో కిలోమీటర్లు తూర్పుకు జరిగింది. విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బల్లో ఆ హెచ్చుతగ్గుల కాలంలో గాలి, నీరు పేర్చిన ఇసుక ఉంది. వాటిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. మంచు కరిగి నీరు పెరిగి, ఆరేడు వేల ఏళ్ల కిందట మట్టం నిలకడకు వచ్చాక నదులు డెల్టాలు కట్టడం మొదలుపెట్టాయి.

కృష్ణ, గోదావరి పక్కపక్కనే తమ మేటలను సముద్రంలోకి చొప్పించాయి. రెండిటికీ మధ్య పూడని పల్లం మిగిలింది. అదే కొల్లేరు. ఒకప్పుడు సముద్రానికి ఆనుకుని ఉన్న ఉప్పునీటి కయ్య, డెల్టాలు ముందుకు పెరగడంతో లోపల చిక్కి మంచినీటి సరస్సుగా మారింది. ఇప్పుడు సముద్రం దాదాపు 30 కిలోమీటర్ల దూరం. ఉప్పుటేరు ఒక్కటే లంకె. బుడమేరు, తమ్మిలేరు వంటి వాగుల వరదను పట్టి, నిదానంగా ఉప్పుటేరుకు వదలడం కొల్లేరు చేసే పని. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అది చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. అప్పటికే సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు లేచి ఉన్నాయి. 2006లో వాటిని కొట్టేశారు. ఆ తర్వాత చాలాచోట్ల మళ్లీ లేచాయి. వేసవిలో సరస్సు నీరు తగ్గితే ఉప్పుటేరు వెంట ఉప్పునీరు ఎదురెక్కుతుంది. 2024 సెప్టెంబరు తొలిరోజుల్లో బుడమేరు విజయవాడను ముంచింది; ఆ వాగు చివరికి చేరవలసిన చోటు కొల్లేరే. పల్లం ఇరుకైతే ఎగువకు ఎంత నష్టమో చెప్పడానికి వేరే లెక్కలు అక్కర్లేదు.

డెల్టా అంటే నిత్యం మట్టి అందితేనే నిలిచే నేల. దాని సొంత బరువుకే అది కుంగుతుంటుంది; కుంగినంతా కొత్త వండ్రు పూడుస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లాంటిది ఊళ్లను ముంచుతూనే లంకలకు మట్టినీ ఇస్తుంది. ఆ అందుబాటు ఇప్పుడు తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం గోదావరి 1970లలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల వండ్రు తెచ్చేది. 2000–2006 నాటికి అది 5.7 కోట్లకు తగ్గింది. కృష్ణది మరీ దారుణం: 1960ల చివర 90 లక్షల టన్నులు, 2000–2005 నాటికి 4 లక్షలు. వాన తగ్గడం దీనికి కారణం కాదు. మట్టి ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. ఆనకట్టలు వద్దనేవారు డెల్టా రైతు కష్టం చూడనివారు. కానీ ప్రతి జలాశయం కట్టేటప్పుడు నీటి పంపకం లెక్కలు వేసినట్టే మట్టి లెక్క కూడా వేసి ఉండాల్సింది. టీఎంసీల కోసం రాష్ట్రాలు దశాబ్దాలు వాదించుకున్నాయి. వండ్రు గురించి ఒక్క వాటా కూడా తేలలేదు.

దీని ఫలితం తీరం మీద అసమానంగా కనిపిస్తోంది. కృష్ణా, గోదావరి డెల్టాల అంచులో కొన్నిచోట్ల మేట పెరుగుతోంది, ఎక్కువ చోట్ల కోత పడుతోంది. గౌతమి మొగ నుంచి ఉత్తరంగా కదిలే ఇసుక రెండు శతాబ్దాలలో హోప్ ఐలాండ్ అనే పొడవైన ఇసుకతిన్నెను కట్టింది. కాకినాడ రేవుకు, కోరంగి మడ అడవులకు అది అడ్డుగోడ. దానికి ఉత్తరాన ఉప్పాడ దగ్గర సముద్రం ఏటా నేలను తినేస్తోంది. ఇళ్లు, గుళ్లు, కొబ్బరితోటలు పోయాయి; కాకినాడకు పోయే తీరం రోడ్డు పదే పదే కొట్టుకుపోతోంది. ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పరిచారు, రాళ్లు పోశారు. అలలు వాటినీ చెదరగొట్టాయి. తిన్నె పెరిగి అలల దిశ మారడం, రేవు కట్టడాలు, నది తెచ్చే ఇసుక తగ్గడం, మట్టం పెరగడం – ఒక్కొక్కరు ఒక్కో కారణాన్ని ముందు పెడతారు. వీటిలో ఏది ఎంతో విడదీయాలంటే ఒడ్డున కొలిస్తే చాలదు. ధవళేశ్వరం బ్యారేజీ దాటే వండ్రు, మొగల దగ్గర ఆగే ఇసుక, తీరం వెంట ఉత్తరానికి నడిచే ఇసుక – ఈ మూడింటినీ ఏడాది పొడవునా ఒకే లెక్కలో కొలవాలి. ఉప్పాడ దగ్గర గోడ ఎంత ఎత్తు కట్టాలో ఆ లెక్క వచ్చాకే తేలుతుంది.